రుచి చూడని చేయి

పోయిన ఆదివారం మైపాడు బీచిలో చేపల పులుసు పోటీ పెట్టి, నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. రిటైరైన కెమిస్ట్రీ లెక్చరరుకూ పులుసుకూ ఏమిటి సంబంధమని మీరు అడగవచ్చు, నేనూ అడిగాను. మైకు ముందు రెండు వాక్యాలు తడబడకుండా చెప్పగలననీ, కారం తిన్నా ఏమీ కాని వయసు దాటిపోయినా పిలిస్తే వస్తాననీ వాళ్ల నమ్మకం. వెళ్లాను గానీ కుర్చీలో పట్టుమని పది నిమిషాలు కూర్చోలేకపోయాను. షామియానా కింద వరసగా పొయ్యిలు, ప్రతి పొయ్యి దగ్గరా ఒకరు ఇంత పులుసు అరచేతిలో వేసుకుని నాకడం, తల ఊపడం, చిటికెడు ఏదో వెయ్యడం, మళ్లీ నాకడం. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ అరచేతులు నోటి దగ్గరికి వెళ్లినప్పుడల్లా నేను లేచి అలల దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చుని, మళ్లీ లేచాను. నిర్వాహకులు నా వయసును బట్టి వేరే విధంగా అర్థం చేసుకుని, మర్యాదగా మరుగుదొడ్డి వైపు దారి చూపించారు.

మా అమ్మ వంట చేస్తూ ఎన్నడూ రుచి చూసేది కాదు. పొయ్యి మీదున్నది నోట్లో పెట్టుకుంటే ఎంగిలి అనేది. దేవుడికి పెట్టేదైతే సరే, చేపల పులుసుకు కూడా ఎంగిలేమిటని అడిగితే, తినేవాళ్లు మాత్రం అంత తక్కువ వాళ్లా అనేది. మూత తీసి ఆవిరిని ఒక్కసారి ముక్కుతో పట్టి, ఉప్పు చాలకపోతే వేసి, మూత పెట్టేసి, వీధిలోకి వెళ్లి కబుర్లలో పడేది. విడవలూరులో మా వీధి మొత్తానికీ ఆ పులుసు ఎప్పుడు పొయ్యి దిగుతుందో తెలుసు. మన కాలం వాళ్లకు చెప్పనక్కరలేదు, మధ్యాహ్నం పూట గిన్నె పట్టుకుని రావడానికి అప్పట్లో ఎవరికీ మొహమాటం ఉండేది కాదు.

నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజులు. ఏదో కారప్పొడి కంపెనీ వాళ్లు ప్రచారం కోసం ఇదే మైపాడులో పులుసు పోటీ పెట్టారు. కాలేజీలో మా అమ్మ పులుసు గురించి అప్పటికే కొంచెం ఎక్కువ మాట్లాడి ఉన్నాను కాబట్టి, అమ్మను అడక్కుండానే పేరు ఇచ్చేశాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మట్టిచట్టి తోమి ఎండలో బోర్లించింది. పక్కింటి అక్క మాత్రం ఊరుకోలేదు. “ఏమ్మా, గెలిచినాక మాకు పులుసు పోస్తావా, చీటీ రాసుకోని రావాల్నా?” అంది. అమ్మ నవ్వింది గానీ, ఓడిపోతే ఆ వీధిలో ఎలా తిరగాలన్న భయం ఆ నవ్వులోనే కనబడింది.

పోటీకి ఒకే నిబంధన: కారం మాత్రం కంపెనీ పొట్లంలోదే వాడాలి. ముందురోజే ఇంటికి పంపిన ఆ పొట్లం చూస్తే కళ్లు చెదిరే ఎరుపు. రసాయనాలు నాలుక మీద వేసుకోరాదని పిల్లలకు పాఠం చెప్పే నేను చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. ఏమీ జరగలేదు. రంగు తప్ప అందులో మరేదీ లేదు. అమ్మ అయితే రుచి చూడదు, ఎరుపు చూసి మోసపోతుంది, నెల్లూరు వాళ్ల ముందు చప్పటి పులుసు పెట్టి పరువు పోగొట్టుకుంటుంది. ఇదీ నా లెక్క. నేను లెక్కల్లో గట్టివాణ్ణి.

ముందుచూపుతో ఇంటి నుంచి మన కారం కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని వచ్చాను. వంజరం చేప ముక్కలు, మామిడికాయ ముక్కలు పులుసులో పడ్డాయి. అమ్మ చట్టిని గుడ్డతో పట్టుకుని ఒకసారి కుదిపి, మూత పెట్టి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది. నేను జేబులోని మన కారం మొత్తం అందులో వంచేసి, ఆమె లాగే చట్టిని కుదిపి, దూరంగా నిలబడి సముద్రం చూశాను. తిరిగొచ్చిన అమ్మ మూత తీయబోయింది. అంతలో మైకులో పిలుపు వచ్చింది, చట్టిని అలాగే బల్ల మీదికి చేర్చాం.

మొదటి న్యాయనిర్ణేత ఒక ముద్ద తిని నీళ్లడిగాడు. రెండో ఆయన అడగలేదు, మొదటి ఆయన గ్లాసే లాక్కున్నాడు. మూడో ఆవిడ ఏడుస్తూనే అమ్మ వైపు చూసి, “బాగుండాదమ్మా, ముక్క బాగుండాది,” అంది. అంత మంచితనం అమ్మ తట్టుకోలేకపోయింది.

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నేను సీట్లో కుదురుగా లేక అటూ ఇటూ కదులుతున్నాను. చెప్పేద్దామని నోరు తెరిచేలోపు అమ్మే మొదలుపెట్టింది.

“అబ్బయా, నీకొక మాట చెప్తా, ఎవురికీ చెప్పబాక. వాళ్ల కారంలో పస లేదని వాసనకే తెలిసిపోయినాది. మన కారం కొంగులో కట్టుకోనొచ్చి ఏసినా. సరిగ్గానే ఏసినా అనుకున్యానే. చెయ్యి తప్పినాది నాకు.”

ఆ బస్సులో ఇద్దరు దొంగలం ఉన్నాం. ఒకరు ఒప్పుకున్నారు. రెండో వాడు కండక్టరు దగ్గర చిల్లర తీసుకుని, దాన్ని చాలా శ్రద్ధగా లెక్కపెట్టుకున్నాడు.

మరుసటి రోజు మామూలు చారు పెడుతూ అమ్మ ఇంత అరచేతిలో వేసుకుని నాలుకకు తాకించింది. ఆ ఇంట్లో అది చూడటం నాకు అదే మొదలు. తరవాత పప్పు, తరవాత పులుసు, చివరికి మజ్జిగ కూడా. వంట ఏమీ చెడలేదు, వీధిలో ఎవరూ తేడా కనిపెట్టలేదు. గిన్నెలు వస్తూనే ఉన్నాయి. అమ్మ మాత్రం మూత పెట్టి వీధిలోకి వెళ్లడం మానేసింది. పొయ్యి పక్కనే నిలబడి, తీసిన మూతే మళ్లీ మళ్లీ తీసి చూసేది.

ఇప్పుడు మా ఇంట్లో కూడా పొట్లం కారమే, కొలిచే చెంచాలే. ముక్కుతో ఉప్పు చెప్పే మనిషి ఉండేదంటే మనవరాళ్లు మర్యాదకు నమ్ముతారు. అలాంటి వాళ్లు కాలంతో పాటు పోయారని మనం చెప్పుకుంటాం. మా ఇంట్లో మనిషి కాలంతో పాటు పోలేదు, నా వల్ల పోయింది.

చెప్పే అవకాశం దొరకలేదని అనను, ఇరవై ఏళ్లు దొరికింది. చెబుదామని వంటింట్లోకి వెళ్లిన ప్రతిసారీ అమ్మ తన అరచేయి నా ముందు చాపి, “చూడబ్బయా, సరిపోయిందా?” అనేది. సరిపోయిందమ్మా అనేవాణ్ణి. ప్రతిసారీ నిజంగానే సరిపోయేది. ఇంకోసారి చూసి చెప్పమనేది. ఇంకోసారి చూసేవాణ్ణి.