మెరిసిన మజ్జిగ గిన్నె

కోరుట్లలో మా ఇంట్లో మజ్జిగ ఇత్తడి గిన్నెలో ఉండేది. లోపలి తెల్లటి తగరపు కళాయి పూత మసకగా ఉంటే నాకు మురికిలా తోచేది. ఒక ఎండాకాలం పదకొండు రోజులు వరసగా చింతపండు, ఇసుక వేసి లోపల తోమాను. పన్నెండో రోజు గిన్నె లోపల ఇత్తడి పసుపుపచ్చగా మెరిసింది. ఆ మధ్యాహ్నం అందులోని మజ్జిగ తాగిన నా నాలుగేళ్ల బిడ్డ మూడుసార్లు వాంతి చేసుకుంది.

అత్తమ్మ గిన్నెలోకి చూసింది. "ఏందే పిల్లా, కళాయంత గీకి పారేసినవ్! పుల్లటిది పోస్తే చిలుము దిగదా?"

"మంచిగ మెరుస్తదని తోమిన అత్తమ్మా."

"మెరిసేటందుకు ఇంట్ల అద్దమున్నది గదనే!"

బిడ్డ మరునాటికి తేరుకుంది, కానీ మజ్జిగ ముట్టలేదు. ఏటా మల్యాల నుంచి వచ్చే కళాయి వేసే ఆయన ఆ ఏడు ఆలస్యంగా వచ్చాడు. సంచితో ఊరూరు తిరిగే మనిషిని, నక్సలైటు అన్నలకు ఏం మోస్తున్నావని పోలీసులు ఆపే రోజులవి. నలభై ఆరు రోజులు మజ్జిగను మట్టికుండలోనే పెట్టాను.

కళాయి వేయించాక లోపలంతా వేలితో తడిమాను. మొదటి గ్లాసు నేనే తాగి, ఒక రోజు ఆగి, రెండోది బిడ్డకిచ్చాను. అది గిన్నెలోకి తొంగి చూసింది.

"లోపల తెల్లగనే ఉన్నదా అమ్మా?" అని అడిగి, తాగింది.