బండికి దమ్ము లేదన్నాడు

ఈ రోజు నాయనమ్మను దవాఖానకు తీసుకెళ్తుంటే తొర్రూరులో బండి ఆగిపోయింది. మెకానిక్ స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, నన్ను కిక్కు కొట్టమన్నాడు. గాలి అతని వేలిని తన్నలేదు.

“దమ్ము లేదన్నా. ఇంజన్ ఇప్పాలె.”

నాయనమ్మ ఉలిక్కిపడింది. “నా చిన్నప్పుడు రజాకార్లు గిట్లనే అన్నరు, మా బాపు ముక్కుకాడ చెయ్యి వెట్టి. ఊపిరి బిగవట్టి పండుకున్నడు, గందుకే బతికిండు.”

తర్వాత వంగి, ఆ రంధ్రం మీద తన వేలు పెట్టింది. అప్పుడు కిక్కు మీద ఎవరి కాలూ లేదు.

“ఉన్నది బిడ్డా. మెల్లగ ఇడుస్తాంది.”

మెకానిక్ నవ్వుతూ తనూ వేలు పెట్టాడు. నవ్వు ఆగిపోయింది.

“నేనిప్పనన్నా. పానమున్నదాన్ని ఎట్ల ఇప్పాలె?”

బండి అక్కడే ఉంది. మీకు తెలిసిన మెకానిక్ ఎవరైనా ఉంటే చెప్పండి. పని రాకపోయినా ఫర్వాలేదు, భయం లేకుంటే చాలు.