పెద్దల కోసం పట్టిన దొప్ప

పద్దెనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడం అలవాటైంది గానీ బరువు తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్లకు చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో లెక్కలేదు, తెరిచిన ప్రతిసారీ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి ఊరుకున్నాను.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. దేన్నీ చూసి ఊరుకోలేను. గడియారం ఎందుకు కొట్టుకుంటోంది, జున్ను ఎందుకు గడ్డకడుతోంది, పక్కింటివాళ్లు ఎందుకు మాట్లాడుకోవడం లేదు, అన్నీ నాకే కావాలి. మా ఆయన పెళ్లయిన నెలకే నా బుర్రను ప్రశ్నల పుట్ట అన్నాడు. తప్పంతా ఆ కుతూహలం మీదికి తోసేయాలని చాలాకాలం చూశాను. కుదరలేదు. తాగింది కుతూహలంతోనే. అబద్ధం మాత్రం కుతూహలంతో చెప్పలేదు.

మా ఆయనది కిరండూల్ లైనులో ఒక చిన్న స్టేషన్లో పాయింట్స్‌మన్ ఉద్యోగం. పార్వతీపురం దగ్గర్నుంచి కొత్త పెళ్లికూతురిగా ఆ క్వార్టర్లకు వచ్చాను. మా ఊళ్లో వాళ్లకు బస్తరంటే పరదేశమే, నాకూ అంతే అనిపించింది. బజారులో హిందీ, పల్లెలో హల్బీ, గోండీ. ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వుతున్నారేమో అనుకునేదాన్ని. ఇనుప ఖనిజం మోసే గూడ్సుబండి వెళ్లిన ప్రతిసారీ ఆరేసిన బట్టల మీద ఎర్రటి ధూళి పడేది, మళ్లీ ఉతికేదాన్ని. అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. నాకు అయిదో నెల వచ్చేసరికి అత్తయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి మాతో ఉంది.

అలాంటప్పుడు ముత్తమ్మ దొరికింది. పట్టాల అవతలి పల్లెలో ఉండేది. చింతపండు, పుట్టగొడుగులు, అడ్డాకుల విస్తళ్లు తెచ్చి క్వార్టర్లలో అమ్మేది. పుట్టిల్లు ఆంధ్రా సరిహద్దు దగ్గర ఎర్రబోరు వైపు, దోర్ల తెగ మనిషి. అక్కడివాళ్లకు తెలుగొచ్చు. మొదటిరోజు మా పెరటి గుమ్మంలో గంప దించి, "ఏంది పిల్లా, ఒంట్లో బాగలేదా?" అంది. అంతే, నాకు ఏడుపొచ్చింది. ఎక్కడినుంచో ఇంత దూరం వచ్చాక, ఇంటి బయటి మనిషి నోట నా భాష వినడం అదే మొదటిసారి. ఆరోజు నుంచి ఆమె నాకు అక్క. నా మాటల్లో "ఏటి" విని ఆమె నవ్వేది, ఆమె "ఏంది" విని నేను నవ్వేదాన్ని.

ఆమె ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది దాకా చదివింది. ఆ ఏడాది వాళ్ల పల్లెవాళ్లు ఆమెను మితానిన్‌గా ఎంచుకోబోతున్నారు. ఊళ్లో గర్భిణులనూ పసిపిల్లలనూ కనిపెట్టి చూసుకుంటూ, మందుబిళ్లలు ఇచ్చే మనిషిని ఇక్కడ మితానిన్ అంటారు. ఆమెకు అదంటే ఎంత ఆశో నాకు తెలుసు. నర్సమ్మ దగ్గర కూర్చుని అన్నీ అడిగి తెలుసుకునేది. "నేను మితానిన్ అయితే మొదటి కేసు నువ్వే" అని నన్ను ఆటపట్టించేది. నా ఐరన్ బిళ్లలు గుర్తుచేసింది కూడా ఆమే. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, నేను గుర్తుపెట్టుకోలేదు.

కొత్తల పండుగ వస్తోంది. కొత్త ధాన్యాన్ని ముందు పెద్దలకు, అంటే పోయినవాళ్లకు, పెట్టకుండా వాళ్లు నోట పెట్టరు. ఆ పండుగకు ఇప్పసారా కాస్తున్నానని ముత్తమ్మ అంది. ఎండిన ఇప్పపువ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు, కిస్‌మిస్‌లా జిగురుజిగురుగా, తియ్యగా ఉంటుంది. దాంట్లోంచి నీళ్లలాంటి సారా ఎలా వస్తుంది? రంగు ఎక్కడికి పోతుంది? తీపి ఎక్కడికి పోతుంది? చూపించమని వెంటపడ్డాను. కడుపుతో ఉన్నదానివి, ఆ వాసనకు కక్కుకుంటావు, వద్దంది. నేను వదల్లేదు. చివరికి సరే రా, చూసి పో అంది.

అత్తయ్య మధ్యాహ్నం కునుకు తీస్తుండగా పట్టాలు దాటి వెళ్లాను. ఆమె గుడిసె వెనక పొయ్యి మీద కుండల మీద కుండలు పేర్చి ఉన్నాయి. అడుగు కుండలో నానబెట్టి పులిసిన పువ్వు కుతకుత ఉడుకుతోంది. దాని మీద ఇంకో కుండ, అన్నిటికన్నా పైన చన్నీళ్ల గిన్నె. సందుల్లోంచి ఆవిరి పోకుండా బంకమట్టి మెత్తింది. ఆవిరి పైకి లేచి, చన్నీళ్ల గిన్నె అడుగుకు తగిలి చుక్కలవుతుందట. ఆ చుక్కలు వెదురు గొట్టంలోంచి జారి సీసాలో పడుతున్నాయి. నేను అక్కడే చతికిలబడ్డాను. మట్టి ఎందుకు మెత్తావు, మంట ఎందుకు తగ్గించావు, పై నీళ్లు వేడెక్కితే ఏమవుతుంది? పొయ్యి ఎగదోస్తూనే అన్నిటికీ ఓపికగా చెప్పింది. పై నీళ్లు వేడెక్కితే ఆవిరి చుక్క కట్టదు, అందుకని మాటిమాటికీ మార్చాలి. మొదట దిగింది గట్టిది, రానురాను పలచబడుతుంది. అంత సంతోషంగా నేను ఆ ఊళ్లో ఎప్పుడూ లేను.

మొదట దిగిన చుక్కల్ని ఆమె సీసాలోకి పోనివ్వలేదు. ఒక ఆకుదొప్పలో పట్టి, గోడవార రాయి మీద పెట్టింది. అది పెద్దలదట. వాళ్లకు పెట్టకముందు ఎవరూ నాలుక మీద వేసుకోరు. ఎలా ఉంటుందో ఒక్క చుక్క రుచి చూస్తానన్నాను. ఆమె నవ్వలేదు. నీకు వద్దు, లోపలున్న బిడ్డకు అసలే వద్దు, బిడ్డ పుట్టి పాలు మరిచినంక రా, అప్పుడు నేనే పోస్తానంది. పైన నీళ్లు వేడెక్కాయని బిందె తీసుకుని చేతిపంపుకు వెళ్లింది.

ఎందుకు తాగాను? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అది తినకు, ఇది ముట్టకు, అటు వెళ్లకు అని నెలలుగా అందరూ చెబుతుంటే విసుగొచ్చిందా? వాళ్లలో ముత్తమ్మ కూడా చేరిందని ఉక్రోషమా? లేక అంతా కళ్లారా చూశాక రుచి ఒక్కటీ తెలియకుండా ఇంటికి పోవడం నావల్ల కాలేదా? ఇదే నిజమనుకుంటాను. సీసా గొట్టం కింద ఉంది, కదిపితే సారా ఒలుకుతుంది. దొప్ప చేతికందేంత దూరంలో ఉంది. ఎత్తి తాగాను. ఒక గుక్క అనుకున్నాను, గొంతు మండుతుంటే అదేమిటో తెలుసుకోవాలని ఇంకో గుక్క తాగాను. రుచి బాగుందని కూడా చెప్పలేను. పువ్వు వాసన మాత్రం ముక్కుదాకా వచ్చింది. సగమైన దొప్పను గొట్టం కింద పట్టి నింపి, మళ్లీ రాయి మీద పెట్టేశాను.

ఆమె తిరిగొచ్చి, ముఖమెందుకు ఎర్రబడిందని అడిగింది. పొయ్యి సెగ అన్నాను. అది మొదటి అబద్ధం, చాలా తేలిగ్గా వచ్చింది. నేను చూస్తుండగానే ఆమె ఆ దొప్ప ఎత్తుకుని, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా పిలుస్తూ నేల మీద ధార విడిచింది. నా ఎంగిలిని తన అత్తమామలకు పోసింది. నేను పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య లేచి ఉంది. మా ఇంట్లో సారా అనే మాట కూడా పలకరు. మామయ్య తాగుడుకే పోయాడు, ఆ తర్వాతే అత్తయ్య బాప్తిస్మం తీసుకుంది. గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని ఆపి ఏటే ఆ వాసన అంది. ఆమె కళ్లు చూస్తే భయమేసింది. ముత్తమ్మ ఏదో కషాయం ఇచ్చింది, నడుంనొప్పికి మంచిదంది, అదేమిటో నాకు తెలియదు అన్నాను. ఎంత వివరంగా చెప్పానో చూడండి. నడుంనొప్పి అట. అడవి మనుషులు ఏవేవో మందులు ఇస్తుంటారని అత్తయ్య నమ్ముతుందని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఈ ఒక్క ముక్క రాయడానికే ఇంతసేపూ వెనకాడాను.

మర్నాడు పొద్దున ముత్తమ్మ ఎప్పటిలాగే గంపతో వచ్చింది. అత్తయ్య పెరట్లో కాచుకుని ఉంది. అరుపులకు క్వార్టర్ల ఆడవాళ్లంతా పోగయ్యారు.

"కడుపుతో ఉన్న పిల్లకి సారా పోస్తావేటే? నువ్వు ఆడదానివేనా?"

"నేను పొయ్యలేదమ్మా. తాగొద్దని చెప్పిన. ఆ పిల్లనే అడుగు."

అందరూ నా వైపు తిరిగారు. ముత్తమ్మ ముఖంలో ఏ కంగారూ లేదు. నేను నిజం చెబుతానన్న నమ్మకంతో నిలబడి ఉంది.

"చెప్పు పిల్లా. నేను పోసిన్నా?"

"పోసింది" అన్నాను. ఆమెను చూసి కాదు, అత్తయ్యను చూసి.

ముత్తమ్మ కాసేపు నన్నే చూసింది. నేను తాగానని ఆమెకు అప్పుడే తెలిసింది. ఎందులోంచి తాగానో కూడా తెలిసిపోయిందనుకుంటాను, ఎందుకంటే ఆమె చెయ్యి ఒక్కసారి నోటి మీదికి వెళ్లింది. "అట్లనా" అంది. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ వారమే క్వార్టర్లకు వచ్చిన నర్సుతో అత్తయ్య చెప్పింది. నర్సు పల్లెలో అడిగింది. గర్భిణికి సారా పట్టినదాన్ని గర్భిణులను చూసే పనికి ఎలా పెడతామన్నారట. ఇంకొకామెను మితానిన్ చేశారు. క్వార్టర్లలో ముత్తమ్మ గంపకు తలుపు తీసినవాళ్లు లేరు. ఒక్క మాటతో ఆగి ఉండేది ఇదంతా. ఆ ఒక్క మాట నా నోట్లోనే ఉంది. చెప్పలేదు.

పాప తక్కువ బరువుతో పుట్టింది. ఆ రెండు గుక్కల వల్లేనా? డాక్టరును అడగడానికి ధైర్యం చాలలేదు, అన్నిటికీ ప్రశ్నలడిగే నేను. పాప కోలుకుంది, పెరిగింది. కానీ అత్తయ్య ఆ సంగతిని వదల్లేదు. ఏటా పాప పుట్టినరోజుకు ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెడతాం. పాస్టరుగారి వాక్యం అయ్యాక అత్తయ్య లేచి సాక్ష్యం చెబుతుంది. ఒక అడవి మనిషి ఏమీ తెలియని పిల్లకు సారా పట్టినా ప్రభువు నా మనవరాలిని కాపాడాడని చెప్పి కళ్లొత్తుకుంటుంది. అందరూ ఆమేన్ అంటారు. నేనూ అంటాను. ఏటా అన్నాను.

పాపకు నాలుగేళ్లప్పుడు సంతలో ముత్తమ్మ ఎదురైంది. చింతపండు కుప్ప ముందు కూర్చుని ఉంది. తప్పించుకోవడానికి దారి లేదు. పాప చెయ్యి పట్టుకుని ముందు నిలబడి "అక్కా" అన్నాను, నిజంగా చెప్పేద్దామనే. ఆమె తలెత్తి పాపను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత నన్ను చూసి, "కిత్నా చాహియే, దీదీ?" అంది. ఆ ఊళ్లో నాతో తెలుగు మాట్లాడిన మొదటి మనిషి నాతో హిందీలో బేరమాడింది. నేను కూడా హిందీలోనే పావుకిలో అన్నాను. ఆ తర్వాత ఆమె పుట్టింటివైపు వెళ్లిపోయిందని విన్నాను.

మొన్నటి కూడికలో మా అమ్మాయి, నానమ్మ సాక్ష్యం మధ్యలోనే అడిగింది. ఆవిడ ఎందుకిచ్చింది నానమ్మా, ఇస్తే ఆవిడకేం వచ్చింది? పద్దెనిమిదేళ్లలో ఎవరికీ రాని ప్రశ్న. దాని కుతూహలం నాదే. అత్తయ్య వాళ్లంతేనమ్మా అంది. అమ్మాయి నా వైపు చూసింది. ఈసారి నేను ఆమేన్ అనలేదు. టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లాను.

ఇప్పుడు అత్తయ్య పక్కగదిలో బైబిలు చదువుకుంటోంది. ఆమెకు చెబుతానో లేదో నాకు తెలియదు. ముత్తమ్మ వినదు, ఎక్కడుందో కూడా తెలియదు. విన్నా క్షమించాల్సిన పని ఆమెకు లేదు. అయినా రాస్తుంటే గుండెలో ఏదో కాస్త సర్దుకుంది. అలా సర్దుకోవడానికి నాకు హక్కుందా అని కూడా అడుగుతున్నాను.

ముత్తమ్మ నాకు సారా పోయలేదు. తాగొద్దంది. ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు నేనే తాగాను. నా పేరు రాయడానికి ఇంకా భయంగానే ఉంది, రాయలేదు. ఆమె పేరు మాత్రం మార్చకుండా రాశాను.