మూడో కాపీ

తొంభైల మొదట్లో నేను నల్లగొండ జిల్లాలో ఒక మండల ఆఫీసులో టైపిస్టుని. నా వేళ్లు గట్టివని ఆఫీసంతా చెప్పుకునేవారు. మూడు కాగితాల మధ్య రెండు కార్బన్లు పెట్టి కొడితే, మిగతావాళ్ల మూడో కాపీ చీమలు పాకినట్టు ఉండేది. నాది మాత్రం చత్వారం వచ్చిన ముసలాయన కూడా చదవగలిగేవాడు. ఇదీ ఒక గొప్పేనా అంటే, నాకు ఉన్న గొప్ప అదొక్కటే. మా అబ్బా దర్జీ. బట్టకు లోపలివైపు కుట్టు కూడా సాఫుగా ఉండాలని పట్టుబట్టే మనిషి. ఆ చాదస్తం నాకూ అంటుకుంది.

ఆ మూడు కాపీలకూ మూడు దారులు. మొదటిది కలెక్టరాఫీసుకు, రెండోది మా ఫైలులోకి, మూడోది ఊరికి. సర్కారు సొమ్ము మధ్యలో ఎవరూ మింగకుండా గ్రామసభలో అందరి ముందూ ఇవ్వాలన్నది మా ఆఫీసు పద్ధతి. అంతకు ముందురోజు ఆ ఊరి సుంకరి డప్పు కొట్టి, ఎవరికి ఏం వచ్చిందో వాడవాడకూ చాటేవాడు. ఆయనకు చదువు రాదు. బడి పంతులు మూడో కాపీ చదివి వినిపిస్తే ఒక్కసారికే కంఠతా పట్టేవాడు. బావికి అప్పు వచ్చినవాళ్లు, పింఛను వచ్చినవాళ్లు తమ పేరు డప్పు మీద వినడానికి పని మానుకుని గడపలో నిలబడేవారు. నేను కొట్టిన అక్షరాలు అలా ఊరంతా తిరుగుతాయంటే నాకు లోలోపల కులుకు.

ఒక మధ్యాహ్నం తల్లితో కలిసి ఆమె వచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయి. తిరుమలగిరి అంగడికి పోయే దారిలో వాళ్ల ఊరు. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో బొంబాయిలో ఒక ఆడవాళ్ల ఆశ్రమం ఇచ్చిన కాగితాలు. ఆ కాగితాల సంగతి ఇది. నాలుగేళ్ల కింద, కూలీలను పనులకు తీసుకుపోయే ఒక మేస్త్రి ఆమె తల్లికి అడ్వాన్సు ఇచ్చి, నందికొండ దిక్కు కాలువ పని ఉందని ఆమెను తీసుకుపోయాడు. కాలువ దగ్గర ఆగలేదు. బొంబాయి తీసుకుపోయి, ఆడవాళ్లతో వ్యాపారం చేసే ఇంటికి అమ్మేశాడు. పోలీసులు ఆ ఇంటి మీద పడి విడిపించాక ఆమె ఆశ్రమంలో ఉంది, అక్కడే అక్షరాలు నేర్చుకుంది, ఆ మీదట ఇల్లు చేరింది. ఆశ్రమంవాళ్లు మన కలెక్టరుకు రాసిన ఉత్తరాల పుణ్యాన ఆమెకు ఐదు వేల రూపాయలు నష్టపరిహారం మంజూరైంది.

ఎమ్మార్వో సార్‌ది కోస్తా. మంచివాడే, కానీ కష్టంలో ఉన్న ఆడది కనిపిస్తే చాలు, ఆయనకు కుట్టు మిషనే గుర్తుకొచ్చేది. "డబ్బు ఖర్చయిపోతుందమ్మా, మిషను కొనిస్తే బతుకుతెరువు," అన్నాడు.

"నాకు సూదిల దారం ఎక్కియ్యరాదు సార్. గొర్లు గాసుడొస్తది. పైసలే ఇయ్యుండ్రి," అంది ఆమె. దర్జీ బిడ్డనైనా ఆ మాట నాకు నచ్చింది.

పోయేముందు ఆమె నా బల్ల దగ్గర ఆగింది. "అక్కా, ఒక్కటే అడుగుత. ఊర్ల నా సంగతి ఎరుక గావొద్దు. బట్టల మిల్లుల పనిజేసి ఒచ్చిందని మా అమ్మ చెప్పుకున్నది. గా మాట గట్లనే ఉండనియ్యి."

"నా నోట రాదు చెల్లె," అన్నాను. ఆమె చెక్కు గ్రామసభలో కాకుండా ఆఫీసులోనే ఇద్దామని సార్ కూడా ఒప్పుకున్నాడు.

నా నోట రాలేదు. నా వేళ్లలోంచి వచ్చింది. ఆ నెల ఆ ఊరి జాబితాలో ఆమెది ఆఖరి పేరు. కలెక్టరాఫీసుకు జాబితా పోవాలి కాబట్టి కొట్టక తప్పదు, ఊరి కాపీలో మాత్రం ఆ వరుస రాకూడదు. చేయి అలవాటు కొద్దీ మూడు కాగితాలు, రెండు కార్బన్లు ఎక్కించింది. ఎందుకు మంజూరైందో రాసే గడిలో "పనికని తీసుకుపోయి బొంబాయిలో అమ్మబడిన స్త్రీకి నష్టపరిహారం" అని కొట్టాను. మూడో కాపీ తీసి చూసుకుంటే ఆ వరుస కూడా నల్లగా నిగనిగలాడుతోంది. మురిసిపోయి, ఆ కాగితాన్ని ఎప్పటిలాగే ఊరి సంచిలో వేశాను. ఎంత బుద్ధిలేని మురిపెమో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గ్రామసభ రోజు పొద్దున మేము జీపు దిగగానే సుంకరి ఎదురొచ్చాడు. "మేడం, నిన్న అన్ని వాడలు తిరిగిన. ఆఖరుకున్న పిల్లది గూడ ఇడువలే," అన్నాడు, మెచ్చుకుంటానని. ఆయన్ని ఏమనగలను, ఆయన పని ఆయన తప్పు లేకుండా చేశాడు. సార్‌కు చెప్పాను. ఆయన నా ముఖం వైపు చూడలేదు. "ఆ పేరు చదవొద్దు. ఇప్పటికైనా ఊరుకుందాం," అన్నాడు.

బడి ముందర జనం ఎప్పటికంటే ఎక్కువమంది ఉన్నారు. ఎందుకొచ్చారో నాకు తెలుసు. పెద్దమనుషులకు వేసిన కుర్చీల్లో తెల్లచొక్కా వేసుకుని ఆ ఊరి మేస్త్రి కూడా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఏటా వందమందికి పని చూపించేవాడు కదా, ఊళ్లో ఆయనకు ఎప్పుడూ కుర్చీయే. ఆమె కనపడలేదు. రాకపోవడమే నయమనుకున్నాను. ఒక్కొక్క పేరూ చదివాను, వేలిముద్రలు తీసుకున్నాను. ఆఖరి పేరు వదిలేసి, ఆఫీసులో ఇవ్వాల్సిన ఆమె చెక్కు లోపలే ఉంచి రిజిస్టరు మూశాను.

"సార్, నా పేరు సదువలే."

బడి గోడ పక్కన ఆడవాళ్ల వెనక నుంచి ఆమె లేచింది. బిందె ఎత్తమని పక్క మనిషిని పిలిచినంత మామూలుగా ఉంది గొంతు. తల్లి కొంగు పట్టి లాగుతోంది. సార్ నెమ్మదిగా, "ఆఫీసుకు రా అమ్మా, అక్కడ ఇస్తాం," అన్నాడు.

"నిన్న డప్పు గొట్టి ఊరంత చాటిండ్రు. గియ్యాల దాస్తె ఏమొస్తది సార్? అందరి పేర్లు సదివినట్టే నాది గూడ సదువుండ్రి."

సార్ నా వైపు చూశాడు. నేను రిజిస్టరు తెరిచి, పేరు చదివాను, తండ్రి పేరు చదివాను. ఎందుకు మంజూరైందో రాసిన గడి దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆమె నడుచుకుంటూ వచ్చి నా బల్ల ముందు నిలబడి, జనం వైపు తిరిగి, తనే చెప్పింది.

"పనికని తీస్కపోయి అమ్మిండ్రు. అమ్మింది ఎవ్వలో గూడ చెప్త. అమ్మినోడు కుర్చీల కూసున్నడు. అమ్ముడువోయినదాన్ని నేను గోడపొంటి తలకాయ వంచుకొని కూసున్న. ఇంతసేపు గదే సోంచాయించిన, గిట్ల ఎందుకుండాలె అని."

మేస్త్రి కాలు దించాడు. "ఏందే నువ్వనేది," అన్నాడు కానీ, ఆ మాటలో బలం లేదు. పక్క కుర్చీలో ఉన్న పెద్దమనిషి తన కుర్చీని జానెడు అవతలకు జరుపుకున్నాడు. కాసేపటికి మేస్త్రి లేచి, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయాడు. ఆ మీదట అతని మీద కేసయింది, ఏళ్లకేళ్లు నడిచింది.

నేను అలవాటు ప్రకారం సిరా డబ్బా ఆమె ముందుకు తోశాను. ఆమె దాన్ని పక్కకు జరిపి, నా చేతిలోని కలం తీసుకుని, ఒక్కొక్క అక్షరమే పేర్చి సంతకం చేసింది. కలెక్టర్లను చూశాను, మంత్రులను చూశాను, ఎవరి ముందూ లేచి నిలబడాలని నాకు నిజంగా అనిపించలేదు. ఆ రోజు మాత్రం ఎప్పుడు లేచానో తెలియకుండానే లేచి ఉన్నాను.

చెక్కు మడుస్తూ నాతో ఒక్క మాటే అంది. "మాటిచ్చినవు గదక్కా."

ఆ రోజు నేను ఇంటికి వెళ్లి అన్నం ముట్టలేదు. అబ్బా అంతా విని, గుడ్డ మీద నుంచి కళ్లు ఎత్తకుండానే, "నోరొక్కటే మాటిస్తే సాలదు బిడ్డా, చెయ్యి గూడ ఇయ్యాలె," అన్నాడు.

పదిరోజుల తర్వాత ఆమె మళ్లీ ఆఫీసుకు వచ్చింది. ఈసారి వెంట తల్లి కాదు, అదే ఊరి ముసలమ్మ. ఆ ముసలమ్మ కూతురు కూడా ఆ మేస్త్రి వెంటే పనికి పోయింది. ఆరేళ్లయింది, రాలేదు. పిల్ల ఎవడితోనో లేచిపోయిందని మేస్త్రి అంటే, సిగ్గుపడి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

"దరఖాస్తు రాయి అక్కా," అంది ఆమె, స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుంటూ. "కార్బన్ ఒక్కటే పెట్టు. గీసారి నేను సూస్త."

నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. రెండు కాగితాల మధ్య ఒక్క కార్బన్ పెట్టి ఎక్కించాను.

ముసలమ్మ వంగి చూసింది. "ఊరికొచ్చే కాయిదం ఇందుల ఏది బిడ్డా?"

"ఆ కాపీ తియ్యనవ్వా. నీ బిడ్డ పేరు బయటికి పోదు."

"తియ్యి బిడ్డా," అంది ముసలమ్మ. "మా ఊర్లనే గాదు, సుట్టుపక్కల ఊర్లల్ల గూడ డప్పు గొట్టి చెప్పియ్యి. నా బిడ్డ ఏడున్నదో ఎవ్వలకన్న ఎరుకుంటది."

నేను స్టూలు మీద కూర్చున్న ఆమె వైపు చూశాను. ఆమె నా సొరుగు లాగి, ఇంకో కార్బన్ తీసి నా చేతిలో పెట్టింది. ఆ పిల్ల పేరు మూడో కాగితం దాకా దిగేలా గట్టిగా కొట్టాను.