ఎనిమిదంకెల జెండా, మునెప్ప చేను

కరోనాకు ముందటి ఏడాది జనవరిలో, కుప్పంలో సర్వేయరుగా ఉండగా, కాలేజీ విద్యార్థులు జట్లుగా పటం, దిక్సూచి చూసుకుంటూ జెండాలు వెతికే పోటీకి ఆ జెండాలు పాతే పని నాకు అప్పగించారు. చైన్‌మన్‌గా చేరి, కొలత గొలుసు లాగుతూనే పాత పటాలు ముందేసుకుని లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఆ ఉత్తర్వు చూసి కాస్త పొంగిపోయాను.

పటం మీద నిలువు, అడ్డ గీతలతో గడులుంటాయి. ముందు తూర్పు అంకెలు, తర్వాత ఉత్తరపు అంకెలు చదివితే చోటు తేలుతుంది. ఆరంకెలిస్తే వంద మీటర్ల గడి, ఎనిమిదిస్తే పది మీటర్లది. పోటీ నిర్వాహకులు ఆరు చాలన్నారు. నేను ఎనిమిదిచ్చాను. ప్రతి జెండాకూ ఒక పంచ్ కట్టాను. జట్లు దానితో కార్డుకు చిల్లు పొడుచుకోవాలి. ఒక్క చిల్లు తగ్గినా తొలగింపే. గెలిచినవాళ్లు రాష్ట్ర పోటీకి వెళతారు.

ఐదో జెండా రామకుప్పం దగ్గర, మునెప్ప అనే రైతు రాగిచేని గట్టున పాతాను. ఆయనకు చెప్పాలని తోచలేదు. సర్వేయరు జెండా పాతాడంటే రోడ్డుకు భూమి పోయినట్టేనని ఆయన లెక్క. నేను అటు వెళ్లగానే పీకి పక్కవాడి చేలో నాటాడు. ఆ పక్కవాడు అవతలి చేలో నాటాడు. మధ్యాహ్నానికి జెండా మూడు వందల నలభై మీటర్లు నడిచింది.

పుంగనూరు జట్టు దూరం నుంచే జెండా చూసి, అంకెలు వదిలేసి, అటు పరుగెత్తి చిల్లు పొడుచుకుంది. అక్కడి నుంచే ఆరో జెండాకు దిక్కు లెక్కవేసి వేరే ఊళ్లో తేలింది. మదనపల్లె జట్టు నాయకురాలు గ్రేస్ అంకెల ప్రకారం గట్టు మీదికే వచ్చింది. జెండా లేదు, గుంట ఉంది.

"ఈడ జెండా ఉండాల కదప్పా?" అని మునెప్పను అడిగిందట.

"ఉండె. నేనే పీకినా. యాల, మళ్లీ నాటేదానికి వచ్చినారా?"

"లేదప్పా. ఈ కార్డులో సంతకం పెట్టు, సాలు."

"సంతకమా! నా చేను రాయించుకునేదానికి సదువుకున్న పిల్లోళ్లను పంపినాడా ఆ సర్వేయరు?"

"చేను ఇయ్యనని రాసి పెట్టప్పా!"

ఆ మాట ఆయనకు నచ్చింది.

సాయంత్రానికి అన్ని జెండాల చోట్లూ చుట్టి వచ్చింది మదనపల్లె జట్టు ఒక్కటే. కార్డులో ఐదో గడిలో చిల్లు లేదు. "నా చేను ఇచ్చేది లేదు" అని, కింద సర్వే నంబరు, మునెప్ప సంతకం ఉన్నాయి.

"చిల్లుకు బదులు చేనా అప్పా?" అన్నాడు ప్రధాన న్యాయనిర్ణేత నాతో, కార్డు పక్కన పెట్టేస్తూ.

రైతుకు చెప్పకపోవడం నా తప్పేనని ఒప్పుకుని గ్రామ పటం పరిచాను. ఆ సర్వే నంబరు గట్టు, నా ఎనిమిదంకెలు ఒకే చోట పడ్డాయి. కార్డు చెల్లింది. మర్నాడు మునెప్ప వచ్చి దాని నకలు ముద్రవేసి ఇమ్మన్నాడు. ఇచ్చాను.

ఆ తర్వాత నా జెండాల జాబితాలో అంకెల పక్కన ఇంకో గడి చేర్చాను. అందులో రైతు పేరు రాసి, ఆయనతో మాట్లాడాకే జెండా పాతేవాణ్ణి. చోటు అంకెలతో తేలుతుంది. జెండా అక్కడ నిలవాలంటే చేను ఎవరిదో కూడా తెలియాలి.