ఇంటి నెత్తురు

రవీందర్ నోరు పెద్దదని మియాపూర్‌లోని ఆ కిరాయి ఇళ్ళ వరసంతటికీ తెలుసు. పక్కింటి భాగ్యమ్మ నోటి ముందు మాత్రం అది పసినోరే. అయినా ఆ రోజు దవాఖానలో అతను గెలిచిన కొట్లాటలో ఆమె సాయం అవసరమే రాలేదు. గోడకానుకుని చూసింది.

లోపల అతని తల్లి సక్కుబాయికి గర్భసంచి ఆపరేషన్. ఒంట్లో నెత్తురు లేదు, ఎక్కించాలన్నారు. బ్లడ్ బ్యాంకులో సిద్ధంగా ఉందని కుర్ర డాక్టరమ్మ చెప్పింది.

"ఎవనిదో ఏందో! తాగుబోతుదా, రోగిష్టోనిదా? నాది తీస్కోండ్రి."

"కన్నపిల్లలది వద్దండీ. ఇస్తే ఆ రక్తానికి రేడియేషన్ కిరణాలు పట్టించి ఎక్కించాలి. ఆ మిషను మా దగ్గర లేదు."

"మా అమ్మకు నా నెత్తురు పనికిరాదా? దిమాకున్నదా మేడమ్ నీకు?"

జనం మూగారు. ఎవరో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నారు. పెద్ద డాక్టరు వచ్చి, గ్రూపు కలిసింది కదా, ఇచ్చెయ్యమన్నాడు. ఆ కుర్ర డాక్టరమ్మ ఇంకేదో చెప్పబోయి తల దించుకుంది. రోజంతా కోకాపేట టవర్ల వాళ్ళకు "సారీ మేడమ్" అంటూ క్యాబ్ నడిపేవాడికి ఒక మేడమ్ మీద గెలవడం అదే మొదలు. పత్తి అదిమిపెట్టుకున్న చేతిని మడిచి, పెళ్ళికొడుకులా నడిచొచ్చాడు.

"సూసినవా పెద్దమ్మా?"

"సూసిన. పోయి నీళ్ళు తాగు, ఒంట్ల నెత్తురు సగం నోట్లకెంచే పోయింది."

సక్కుబాయి నవ్వుతూ ఇల్లు చేరింది. ఆమే, భాగ్యమ్మా కలిసి రోడ్డు పక్కన జొన్నరొట్టెలు కాల్చి అమ్మేవాళ్ళు. మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంటానని ఒకటే తొందర. రెండో వారంలో జ్వరం పట్టుకుంది. అరచేతులు ఎర్రగా పేలాయి. విరేచనాలు, ఆపైన కళ్ళు పచ్చబడ్డాయి. వేడి చేసిందని మజ్జిగ పోశారు. మళ్ళీ దవాఖానకు తీసుకుపోయాక ఇక తిరిగి రాలేదు.

చివరి రోజు ఆ డాక్టరమ్మే రవీందర్‌నూ భాగ్యమ్మనూ పక్కకు పిలిచింది. "మీ అమ్మానాన్నలది మేనరికమా?"

సక్కుబాయిని సొంత మేనమామకే ఇచ్చారు.

"అందుకే మీ రక్తం ఆవిడదానికి మరీ దగ్గరైంది. పరాయిదని ఆవిడ ఒళ్ళు గుర్తుపట్టి ఆపలేదు. అదేమో లోపలికెళ్ళి ఆవిడ ఒంటినే పరాయిదనుకుని దాని మీద పడింది."

రవీందర్‌కు నోరు పడిపోయింది. దినాల నాడు చుట్టాలంతా అతని భుజం తట్టారు. కన్నతల్లికి నెత్తురు పోసిన కొడుకట, ఈ కాలంలో ఎవడిస్తాడట.

"నోరు మూస్కొని బువ్వ తినుండ్రి," అంది భాగ్యమ్మ. ముసల్దానికి దుఃఖమెక్కువైందనుకున్నారు. రవీందర్ విస్తరి ముందునుంచి లేచిపోయాడు.

అతని చెల్లెలు జ్యోత్స్నకు ఇప్పుడు నెలలు నిండాయి. దానికీ నెత్తురు తక్కువే. నిన్న పొద్దున అతను రొట్టెల పొయ్యి దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"పెద్దమ్మా, చెల్లెకు నెత్తురు ఎక్కియ్యాలంటున్నరు. మా చిన్నాయినలు, అన్నలు చేతులు సాపుకోని ఉరికొస్తరు. రవీందర్ ఇయ్యలేదా అని నన్నే జూపెడ్తరు. నువ్వు దవాఖాన తలుపుకాడ కూసో. మనోళ్ళ నెత్తురు ఒక్క బొట్టు దానికి పోనియ్యకు, బ్యాంకుదే ఎక్కియ్యమను."

"ఎందుకని అడుగుతరు గదరా."

"నాకు నోరొస్తలేదు. మా అమ్మను నా నెత్తురుతోని నేనే సంపిననని నువ్వే జెప్పు."