పంక్తిలోంచి ముందు లేచిన మా బావ

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఏ స్టేషనులో బండి ఎంతసేపు ఆగుతుందో, ఏ పక్కన దిగితే పొద చాటు దొరుకుతుందో ఆ రోజుల్లో నాకు తెలిసినంతగా రైల్వేవాళ్ళకి కూడా తెలియదు. భీమడోలులో టిక్కెట్లు చూసే ఆయన నన్ను చూసి టిక్కెట్టు ఉందా అని అడగడం మానేసి, చెంబు ఉందా అని అడిగేవాడు. గుట్టు దాచాల్సిన ఈడు దాటాక ఈ ముక్క చెప్పి చాలామందిని నవ్వించాను. నన్ను జన్మంతా ఏడిపించిన పొట్ట కదా, దాని పేరు చెప్పి నాలుగు నవ్వులు నవ్విస్తే తప్పేమిటనుకునేవాణ్ణి. ఆ తప్పేమిటో నా ఈడువాళ్ళైన మీతో చెప్పుకుందామని ఇవాళ కలం పట్టుకున్నాను.

పోయిన వారం ఏలూరులో డాక్టరు నా పొట్ట నొక్కి చూసి, కోలైటిస్ అని పేరు చెప్పి, అచ్చువేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చాక కోడలు దాన్ని పైకి చదివింది. వేళ తప్పకుండా తినాలి, కొంచెం కొంచెంగా తినాలి, కాచి చల్లార్చిన నీళ్ళే తాగాలి, కారం, పులుపు మానాలి, పలచని మజ్జిగ మంచిది, రోజుకి ఎన్నిసార్లు వెళ్ళిందీ రాసుకోవాలి. తను ఒక మాట చదివితే తరువాతి మాట నేను అందిస్తూ వచ్చాను. "ఇదెప్పుడు చదివారు మావయ్యగారూ?" అని ఆశ్చర్యపోయింది. అక్షరం ముక్క రాని మా వదిన అరవై ఏళ్ళ కిందటే ఈ కాగితమంతా నాకు నోటితో చెప్పేసిందని ఆ పిల్లకి ఏం తెలుసు!

నాకు పదమూడేళ్ళప్పుడు పట్టుకుంది ఈ జబ్బు. గ్రహణి అనేవారు. మొదట్లో నేను క్లాసులో చెయ్యెత్తితే మేష్టారు లెక్కకి జవాబు చెబుతాడు కాబోలని సంతోషించేవారు, తరువాత తరువాత చెయ్యెత్తకముందే గుమ్మం చూపించేవారు. అలా బడి నేను మానలేదు, నా పొట్ట మానింది. మాది కొల్లేటి మధ్య ఒక లంక, చేపలు పట్టుకుని బతికేవాళ్ళం. వలకీ దోనెకీ పనికిరానని తేలాక, తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లులో పనిచేసే మా అన్నయ్య నన్ను తీసుకెళ్ళి బస్తాల మీద మార్కు వేసే పనిలో పెట్టించాడు. అక్కడ మా వదిన చేతిలో పడ్డాను.

ఏలూరులో ఒక వైద్యుడు చెప్పినదంతా ఆవిడ ఒక్కసారి విని గుర్తుపెట్టుకుంది. పొద్దున మిల్లు మొదటి కూతకి గోరువెచ్చని నీళ్ళు, రెండో కూతకి పాతబియ్యం గంజి. పచ్చి మారేడుకాయని నిప్పుల్లో కాల్చి, గుజ్జు తీసి, చల్లలో కలిపి పట్టుకొచ్చి నేను గ్లాసు బోర్లించేదాకా కదిలేది కాదు. మధ్యాహ్నం శొంఠిపొడి వేసిన మజ్జిగన్నం. నా చెంబు వేరు, నా నీళ్ళు వేరు. సాయంత్రం నేను గడపలో అడుగుపెట్టగానే "ఎన్నిసార్లు?" అనేది, చెప్పినన్ని బొగ్గు గీతలు వంటింటి తలుపు వెనకాల గీసేది. తొమ్మిది గీతల దగ్గర మొదలుపెట్టి, ఏడాదిన్నర తిరిగేసరికి రెండు గీతలకి తెచ్చింది. ఒక్కరోజు ఆశపడి చేపల పులుసు ముట్టుకున్నానో, మళ్ళీ మూడు వారాలపాటు తలుపు నల్లబడేది. చుట్టాలెవరైనా అడిగితే చిన్నపిల్లలు గీశారని చెప్పేవాళ్ళం.

అంత దాపరికం ఎందుకంటే, నాకు పెళ్ళి కావాలి. గ్రహణి ఉన్నవాడికి మావాళ్ళలో పిల్లనిచ్చేవారు కారు. భీమడోలు వైపు సంబంధం ఒకటి అప్పటికే ఈ కారణంగా తప్పిపోయింది, ఇంకొకటి కూడా తప్పితే నా మొహం చూసేవాళ్ళు ఉండరని అన్నయ్య బెంగపెట్టుకున్నాడు. అప్పుడు పూనుకున్నది మా అక్క మొగుడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. వాళ్ళ లంకలో తగవులు తీర్చే మనిషి, నలుగురూ కూర్చున్న చోట ముందు ఆయనకే చాప వేసేవారు. తన మాట మీద పక్క లంకలో ఒక పిల్లని చూశాడు. పంతొమ్మిది వందల ముప్ఫై అయిదో ముప్ఫై ఆరో, కొల్లేట్లో తామర పూసే రోజులు, ముందురోజు నుంచి గంజి తప్ప ఏమీ తాగకుండా దోనెలో కూర్చుని నేను, అన్నయ్య, బావ బయలుదేరాం.

మాటలన్నీ సవ్యంగానే జరిగాయి. అయితే మావైపు మాట అనుకుంటే సరిపోదు, రెండు వైపులవాళ్ళూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేసి కలిసి లేవాలి. మధ్యలో పెళ్ళికొడుకు లేచాడంటే పిల్ల వద్దన్నట్టే లెక్క. తామరాకుల్లో వడ్డించారు. కొర్రమీను పులుసు, ఎర్రగా, నూనె తేలుతూ. పిల్ల తాతగారు నా ఎదురుగా కూర్చుని నేను ముద్ద ఎత్తేదాకా చూస్తున్నారు, ఏం చెయ్యను, ఒక ముక్క తిన్నాను, మిగతావి అన్నం కింద దాచాను. ఆ ఒక్క ముక్కా చాలింది. మెలిపెట్టడం మొదలైంది. చెమటలు పట్టాయి. చెయ్యి ఆకు మీద, ప్రాణం గుమ్మం మీద. పక్కన కూర్చున్న బావ ఒక్కసారి నా మొహంలోకి చూశాడు.

మరుక్షణం ఆయనే లేచి నిలబడి పిల్ల తండ్రివైపు తిరిగాడు. "తప్పుగా అనుకోకండి బాబాయిగారూ, పొద్దున్నుంచీ నాకు కడుపులో బాగాలేదు. బామ్మర్దీ, కళ్ళు తిరుగుతున్నాయిరా, కాస్త తోడు రా" అని గోడవారనున్న చెంబు అందుకున్నాడు. పెద్దవాళ్ళకి తోడుగా లేస్తే ఆ లెక్కలోకి రాదు. తప్పంతా తన నెత్తిన వేసుకుని నాకు దారి ఇచ్చాడు. నేను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని వెనకాలే వెళ్ళడం.

కాని తాతగారు చెయ్యి ఆపి నావైపు చూశారు. "ఏం అబ్బాయ్, ఇద్దరికీ బాగాలేదా?" అన్నారు. భయం వేసినప్పుడల్లా వేళాకోళం తన్నుకురావడం చిన్నప్పటి నుంచీ నాకున్న అలవాటు. "అబ్బే, నాకేం లేదండీ తాతగారూ. మా బావ పొద్దున్నుంచీ చెంబుతో కొల్లేరు కొలుస్తున్నాడు. ఇది నాలుగో కొలత. తప్పు కొలవకుండా గట్టు మీద నిలబడి నేను చూడాలి కదండీ!" అన్నాను. పంక్తి పంక్తంతా విరగబడి నవ్వింది. తాతగారికి పొలమారింది. కుర్రాడు భలే హుషారైనవాడే అన్నారెవరో.

తాటాకు దడి అవతల నుంచే బావ అంతా విన్నాడు. ఇంటి వెనక కిక్కిస పొదల దాకా పరుగులాంటి నడక నడిచాం. అక్కడ ఆయన చెంబు నా చేతిలో పెట్టి, అటు తిరిగి, ఎవరూ రాకుండా దారికి అడ్డంగా నిలబడ్డాడు. నేను తిరిగొచ్చాక తిడతాడేమోనని చూశాను. "బాగా నవ్వించావురా" అన్నాడు, అంతే. మళ్ళీ లోపలికి వెళ్ళి, ఇద్దరం ఆకుల ముందు కూర్చుని, అందరితో కలిసి లేచాం.

పెళ్ళి జరిగింది. నా మాట మాత్రం దోనెలెక్కి లంక నుంచి లంకకి పోయింది. బావ తగువు తీర్చడానికి కూర్చుంటే వెనక నుంచి ఎవడో "కొలతల మావయ్యా, ఈ ఏడు నీళ్ళెన్ని చెంబులు?" అనేవాడు. కొన్నాళ్ళకి ఆయన తగవులకి వెళ్ళడం మానేశాడు. అప్పుడైనా నేను నోరు కట్టుకున్నానా? ఎక్కడ నలుగురు చుట్టాలు చేరినా ఆ కొలత కథ చెప్పమనేవారు, ఆయన ఎదురుగానే అభినయించి మరీ చెప్పేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. నిజం చెబితే నా గుట్టు బయటపడుతుంది, అందుకని ఆయన పరువుని అలా ఏళ్ళ తరబడి వాడుకున్నాను.

వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళిలో చూశాను. పిల్ల తండ్రి అయ్యుండి పంక్తిలో కూర్చోలేదు. వడ్డన చూసుకోవాలని చెప్పి, మజ్జిగ కుండ పట్టుకుని వెనకాలే తిరిగాడు. నా దగ్గరికి వచ్చి, పులుసు గిన్నె పట్టుకున్న మనిషిని చేత్తోనే ముందుకి పంపేసి, నేను అడక్కుండానే పలచని మజ్జిగ పోశాడు. నేను తలెత్తలేదు. ఆ రోజైనా చెయ్యి పట్టుకుని ఒక మాట అని ఉండాల్సింది. అనలేదు. ఆయన పోయి పదేళ్ళు దాటింది.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడి తింటున్నారు. ఎవరు ఏం తిన్నారో, ఎవరు ఎప్పుడు ఎటు వెళ్ళారో చూసేవాళ్ళు లేరు. మా వదిన తలుపు వెనకాల దాచిన గీతలకి బదులు, డాక్టరిచ్చిన కాగితాన్ని కోడలు అందరికీ కనబడేలా ఫ్రిజ్ మీద అంటించింది. జబ్బుకి సిగ్గుపడే రోజులు పోయాయి. సంతోషమే. కాని ఎదుటివాడి సిగ్గుని తన మీద వేసుకుని పంక్తిలోంచి ముందుగా లేవాల్సిన అవసరం కూడా ఎవరికీ లేకుండా పోయింది కాబోలు.

ఆ కాగితం చదివిన సాయంత్రమే, ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి, ఇదంతా మా ఆవిడతో చెప్పాను. ఆవిడ గోంగూర కాడలు తుంచుతూ అంతా విన్నది. తలెత్తకుండానే అంది:

"మీ కడుపు సంగతి నాకు ఆ రోజే తెలుసండీ. ఆకులెత్తింది నేనేగా! మీ ఆకులో అన్నం కింద ముక్కలన్నీ అలాగే ఉన్నాయి, కడుపులో బాగాలేదన్న మీ బావగారి ఆకులో మెతుకు మిగల్లేదు. తెలిసే చేసుకున్నాను. కడుపుకైతే మీ వదినగారు పథ్యం పెట్టారు. ఆ నోటికే, పెట్టేవాళ్ళు లేకపోయారు."